పోలయ్య మొహం తిప్పుకున్న రోజు

కోవిడ్ ఆంక్షలు తొలగిన మరుసటి ఏడాది మే నెలలో నన్ను నెల్లూరులోని మా శాఖ ఆసుపత్రి నుంచి ఇందుకూరుపేట మండలం తీరంలో ఉన్న గస్తీ పడవల విభాగానికి వైద్యాధికారిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు నాకు దక్కిన చివరి పోస్టింగు అది. విభాగం పేరు ఇక్కడ అక్కర్లేదు. ప్రభుత్వానిదే, చిన్నదే. మైపాడు బస్సు దిగి, రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద కాస్త దూరం నడిస్తే మా ఆఫీసు వస్తుంది. కింద స్టోరు, నా గది, పరీక్షల గది. పైన అసిస్టెంట్ కమాండెంట్ రాజశేఖర్ గారి గది. ఆయన్ని అందరూ ఏసీ గారు అనేవాళ్లు. ఆ భవనం మొత్తంలో చల్లదనానికి సంబంధించింది ఏదైనా ఉందంటే ఆ పేరు ఒక్కటే.

ఉప్పునీటికి ఒరుసుకుపోయిన కాళ్లకు మందు రాయడం, పడవల్లో ఉండే ప్రథమ చికిత్స పెట్టెలు నెలకోసారి తెరిచి చూసి సంతకం పెట్టడం నా రోజువారీ పనులు. వీటికి తోడు ఇంకో బాధ్యత నా నెత్తిన పడింది. పడవ సిబ్బందికి మత్తుపదార్థాల పరీక్ష చేయడం. గంజాయి, నల్లమందు జాతివి, అలవాటు పడితే మనిషిని తూలించే కొన్ని మాత్రలు. వీటి జాడ మూత్రంలో ఉందో లేదో తేల్చేది బయటి ల్యాబు. నమూనా తీసి, సీలు వేసి, చేతులు మారకుండా పంపించడం మాత్రం నా పని. చదివిన ఎంబీబీఎస్ చివరికి నన్ను ఇంతదూరం తీసుకొచ్చిందని మా ఆయన నవ్వేవాడు. చర్చిలో ఎవరైనా ఏం పని చేస్తున్నారమ్మా అని అడిగితే నేను ప్రథమ చికిత్స పెట్టెల దగ్గరే ఆగిపోయేదాన్ని.

ఈ పరీక్ష ఎవరికి, ఎప్పుడు అన్నది చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు చీటీ తీసి, ముందు చెప్పకుండా చేస్తాం. సెలవు మీద వెళ్లి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఏమీ లేదు. రాజీనామా చేసి వెళ్లి, మళ్లీ ఉద్యోగం కావాలని వచ్చేవాళ్లు మాత్రం మా నిబంధనల ప్రకారం పూర్తిగా కొత్తవాళ్లే. పాత సర్వీసు, పాత మంచిపేరు ఏవీ లెక్కలోకి రావు. పైగా మధ్యలో వాళ్లు ఎక్కడ పనిచేశారో అక్కడి నుంచి, అక్కడున్న కాలంలో ఇలాంటి పరీక్షలో తప్పలేదని ఒక కాగితం తేవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. మిగతావాళ్లు తలుపు వేసుకుని ఒంటరిగా నమూనా ఇవ్వొచ్చు. తిరిగి చేరేవాళ్లు మాత్రం ఒక సాక్షి ఎదుట ఇవ్వాలి. ఎక్కడో ఎవరో వేరే మనిషి మూత్రం జేబులో పెట్టుకొచ్చాడట. ఆ మహానుభావుడి పుణ్యమా అని అందరికీ ఈ నియమం వచ్చింది.

శీనయ్య అలా తిరిగి వచ్చినవాడు. మా పెద్ద పడవకు ఒకప్పుడు ఇంజన్ డ్రైవరు. మైపాడు పక్క పల్లెలో చేపలు పట్టుకునే కుటుంబంలో పుట్టాడు. ఇంజన్ మోత విని దాని జబ్బు చెప్పగలడని పేరు. తోటపల్లి గూడూరులో బావమరిది రొయ్యల చెరువు తవ్విస్తే, దానిలో భాగస్వామిగా ఉందామని రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. చెరువుకు నష్టమేమీ రాలేదు. ఈయనకే విసుగుపుట్టింది. గట్టు మీద కూర్చుని నీళ్లలో తిరిగే చక్రాల మోత వింటూ బతకడం తన వల్ల కాలేదని, అది ఇంజనూ కాదు, ఆ నీళ్లు సముద్రమూ కావని నాతో అన్నాడు. మధ్యకాలం కాగితం కూడా బావమరిదే రాసిచ్చాడు. మా చెరువు దగ్గర రొయ్యలకు తప్ప మనుషులకు మందులు వేసే అలవాటు లేదు అని అందులో ఉంది. దాన్ని నేను చదివి, ఏసీ గారికి చూపించి, ఇద్దరం నవ్వు ఆపుకున్నాక ఫైల్లో పెట్టాను. అడిగిన సంగతి అందులో ఉంది కదా.

ఇంటర్వ్యూ అయింది, ఎంపిక జాబితాలో పేరు వచ్చింది. కానీ ఆ జాబితాకు గడువు ఉంటుంది. గడువు తీరేలోగా అభ్యర్థి నమూనా ల్యాబుకు బయలుదేరాలి. ఫలితం తర్వాత వచ్చినా ఫర్వాలేదు. నమూనా బయలుదేరకపోతే మాత్రం జాబితా రద్దయినట్టే. మళ్లీ ప్రకటన, మళ్లీ దరఖాస్తు. అప్పటికి శీనయ్య వయోపరిమితి దాటిపోతాడు. మధ్యలో ఫైలు పై ఆఫీసులో నిద్రపోయి, సరిగ్గా గడువు ముగిసే రోజు ఉదయానికి నా బల్ల మీదికి వచ్చింది. అంటే ఆ మధ్యాహ్నం నెల్లూరు వెళ్లే మా వ్యానులో శీనయ్య సీసాలు ఉంటే ఉద్యోగం ఉన్నట్టు. లేకపోతే చెరువు గట్టే గతి.

సాక్షి మగవాడై ఉండాలి, అభ్యర్థికి బంధువు కాకూడదు. మా ల్యాబు అసిస్టెంటు చెల్లెలి పెళ్లని సెలవులో ఉన్నాడు. మిగిలిన శిక్షణ పొందిన మగవాడు సరంగు పోలయ్య ఒక్కడే. పడవ నడిపే పెద్దను మా దగ్గర సరంగు అంటారు. పోలయ్య చువ్వలాంటి మనిషి, మాట తక్కువ. సీలు ఎలా వేయాలి, సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోవాలి అన్నీ నేనే నేర్పాను. ఒక్క అడుగు తప్పకుండా అప్పజెప్పేవాడు. శీనయ్య ఆయన్ని మామా అని పిలిచినా అది వరస కలుపుకున్న పిలుపే, చుట్టరికం లేదని ఏసీ గారు ఇద్దరినీ విడివిడిగా అడిగి రాసుకున్నారు.

కబురు పంపగానే శీనయ్య వచ్చేశాడు. ఉతికిన చొక్కా, తలకు నూనె. వెంట భార్య మస్తానమ్మ, చేతిలో పెద్ద స్టీలు క్యారియరు. నేను ఆనవాయితీ ప్రకారం అన్నీ సిద్ధం చేశాను. మరుగుదొడ్డిలో కుళాయి కట్టేశాను. తొట్టిలో నీళ్లు కలిపి మోసం చేయకుండా అందులో బట్టలకు వాడే నీలిమందు పోశాను. జేబులు ఖాళీ చేయించాను. కప్పు ఇచ్చాను. ఆ కప్పుకు వేడి చూపించే పట్టీ ఒకటి ఉంటుంది. అప్పుడే ఒంట్లోంచి వచ్చిన మూత్రమైతేనే అది రంగు మారుతుంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు, కాసేపట్లో బయటికి వచ్చారు. పట్టీ సరిగ్గా ఉంది. కావలసినంత ఉంది. రెండు సీసాల్లోకి వంచాను. ఇక సీళ్లు అతికిస్తే అయిపోయినట్టే. మస్తానమ్మ బయట బల్ల మీద క్యారియరు మూత అప్పుడే తీస్తోంది.

సీలు వేసే ముందు సాక్షిని ఒక ప్రశ్న నోటితో అడగాలి. ఒంట్లోంచి కప్పులో పడేదాకా కళ్లారా చూశావా అని. వాళ్లు చూశానంటారు, మనం అతికిస్తాం. జ్వరం ఉందా అన్నంత మామూలుగా అడిగాను.

"లేదమ్మా," అన్నాడు పోలయ్య.

నాకు అర్థం కాలేదు. లోపలే ఉన్నావు కదా అన్నాను.

"ఉండా. పక్కనే నిలబడినా. ఎట్టా చూస్తానమ్మా? మొహం తిప్పుకున్నా. గోడ మీద బల్లి ఉండాది. దాన్ని మాత్రం బాగా చూసినా."

నా చేతిలో సీలు కాగితం అలాగే ఉండిపోయింది. శీనయ్య కోప్పడతాడేమో, కనీసం మొహం మాడ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన తలొంచుకుని, "మామ తిప్పుకోకపోతే నేను పోసేవాణ్ణే కాదమ్మా," అన్నాడు.

అప్పుడు ఇద్దరూ కలిసి నాకు చెప్పిన సంగతి ఇది. చిన్న పడవల్లో మరుగుదొడ్డి ఉండదు. అవసరం పడ్డవాడు పడవ వెనక అంచుకు వెళ్లి, ఒక చేత్తో తాడు పట్టుకుని నిలబడతాడు. వాడు లేచిన మరుక్షణం పడవలో ఉన్న ప్రతి మనిషీ మొహం పక్కకు తిప్పేసుకోవాలి. మాట్లాడకూడదు, పిలవకూడదు, వాడు తిరిగొచ్చి కూర్చునేదాకా చూడకూడదు. సిగ్గు ఒక్కటే కాదు. అంచున నిలబడ్డ మనిషి ఎవరో చూస్తున్నారని తడబడితే నీళ్లలో పడతాడు. సముద్రంలో మొదటి రోజున శీనయ్యకు ఈ పాఠం నేర్పింది పోలయ్యే. కుర్రతనం కొద్దీ వెనక్కి చూసి నవ్వినందుకు నెత్తిన ఒక్కటి మొట్టాడట. ఆ మొట్టికాయ గుర్తు చేసుకుని ఇద్దరూ నా ముందే నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ సీసాలను ఏం చేయాలో తెలిసినదాన్ని నేనే. సాక్షి చూడని నమూనా చెల్లదు. పారబోసి, ఆ రోజే మళ్లీ తీసుకోవాలి. పారబోశాను.

ఏసీ గారు విషయం తెలిసి మెట్లు దిగి వచ్చారు. మంచి మనిషి, తొందర మనిషి. డాక్టర్ గారూ, చూసినట్టే అనుకుంటే పోయేది కదా అన్నారు నాతో. అనుకోవడానికి వీల్లేదు సార్, అడగాల్సింది అడిగాను, ఆయన లేదన్నాడు అన్నాను. ఆయన పోలయ్య వైపు తిరిగారు. నీ చేతి కింద పెరిగినవాడు కదయ్యా, వాడు పడవలోకి రావడం నీకిష్టం లేదా, తల ఊపితే ఏం పోయింది అని అడిగారు. పోలయ్య నోట అన్ని మాటలు ఒకేసారి నేను వినడం అదే మొదలు.

"వాడు రావాలనే సార్ నాకు. వాడు కింద ఇంజను కాడ ఉంటే నేను పైన చుక్కాని పట్టుకుంటా. నూనె చూసినావా అంటే చూసినా అంటాడు. నేను దిగి చూడను. ఆ మాట మీదే పడవ పోతాది. ఈ పొద్దు నేను చూడంది చూసినా అని వాణ్ణి ఎక్కిచ్చుకుంటే, రేపు వాడు చూడకనే చూసినా అంటే నేనేం అడిగేది?"

ఏసీ గారు మళ్లీ మెట్లెక్కి వెళ్లిపోయారు.

రెండోసారి నమూనాకు మూడు గంటల గడువు ఇస్తాం. ఆ లోపు లీటరుకు మించకుండా నీళ్లు తాగొచ్చు. ఎక్కువ తాగితే నమూనా పలచబడి అదీ చెల్లదు. మస్తానమ్మ ఎక్కడినుంచో కొబ్బరిబోండాలు తెప్పించబోతే ఆపాను. గడువు లోపల ఇవ్వలేకపోతే మూత్రపిండాల నిపుణుడి దగ్గరికి పంపి కారణం రాయించాలి. అదంతా తేలేసరికి జాబితా ఎప్పుడో చచ్చిపోతుంది. ఒంట్లో ఏ లోపమూ లేదని ఆ నిపుణుడు రాస్తే ఇంకా ఘోరం. పరీక్షకు నిరాకరించినట్టు లెక్క. నిరాకరించడమంటే తప్పడమే. తప్పినవాడు ఇక ఈ శాఖ గడప తొక్కకూడదు. ఒక్క బీడీ కూడా కాల్చని మనిషి మత్తుమందుల ఖాతాలో ఇంటికి పోవాల్సి వచ్చేట్టుంది.

గంట గడిచాక శీనయ్య లేచాడు. పోలయ్యను పక్కకు పిలిచి, ఈసారి చూడాల్సిందేనని చెప్పాను. చూస్తానమ్మా అన్నాడు, పళ్లు పీకించుకోవడానికి ఒప్పుకున్నవాడి గొంతుతో. ఇద్దరూ లోపలికి వెళ్లారు. చాలాసేపటికి బయటికొచ్చారు. కప్పు పొడిగా ఉంది. ఇద్దరి చొక్కాలూ తడిసి ఉన్నాయి, చెమటతో.

"మామ చూస్తా ఉండాడమ్మా," అన్నాడు శీనయ్య, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"చూడమంటిరి గదా," అన్నాడు పోలయ్య.

మళ్లీ వెళ్లారు, మళ్లీ పొడి కప్పుతో వచ్చారు. అప్పటికి విషయం ఆఫీసంతా పాకింది. సలహాలకు కొదవ లేదు. ఒకరు కళ్లు మూసుకోమన్నారు. ఇంకొకరు పక్కన బకెట్లోకి నీళ్లు ధారగా పోస్తే పని అవుతుందన్నారు. బయట ఒకడు నిజంగానే పోయడం మొదలుపెట్టాడు. దానివల్ల మా గుమస్తా రెండుసార్లు పరుగెత్తాడు గానీ శీనయ్యకు చలనం లేదు. మస్తానమ్మకు మొదట సిగ్గు, తర్వాత భయం, చివరికి కోపం వచ్చింది.

"ఏంది డాక్టరమ్మా ఇది? చెరువు కాడ, దోవ పక్కన, యాడంటే ఆడ నిలబడే మనిషి. ఈ పొద్దు ఏమొచ్చె ఈయనకి? పోలయ్య మామ ఏమన్నా పులా?"

పులి అయితే భయానికైనా పని జరిగేదని నేను మనసులో అనుకున్నాను. పోలయ్య పులి కాదు. చిక్కల్లా అక్కడే ఉంది. తనకు సముద్రం నేర్పిన మనిషి ఎదుట నిలబడి ఆ పని చేయడం శీనయ్య ఒంటికి చేతకావడం లేదు. చేతకాకపోవడానికి కారణమేమో అదే మనిషి నేర్పిన మర్యాద. వాళ్లను ఎంతసేపు లోపల నిలబెట్టినా అంతే. నేను నా గదిలోకి వెళ్లి నిబంధనల పుస్తకం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. నాకు కోపం వస్తే చదువుతాను. పిల్లల పెంపకం కూడా అలాగే సాగింది.

సాక్షి గురించి ఉన్న భాగం నేను ఎన్నోసార్లు చదివిందే. ఈసారి దానిలో లేనిదాని కోసం వెతికాను. మగవాడై ఉండాలి. బంధువు కాకూడదు. ఏం చూడాలో వైద్యాధికారి ముందుగా వివరించాలి. అంతే. శిక్షణ పొందినవాడై ఉండాలన్నది నమూనా తీసి సీలు వేసే మనిషికి. అది నేను. పక్కన నిలబడి చూసే సాక్షికి ఆ షరతు లేదు. మా పై ఆఫీసు శిక్షణకు పంపమంది కాబట్టి పంపాం, పంపాం కాబట్టి వాళ్లే ఉండాలని అందరం అనుకుంటూ వచ్చాం. అయితే ఎవరు? ఆఫీసులో ఉన్న మగవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు శీనయ్యతో పడవ ఎక్కినవాళ్లే. ఏసీ గారి సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన్ని చూస్తే శీనయ్య సెల్యూట్ కొడతాడు, కప్పు పడేస్తాడు.

సరిగ్గా అప్పుడు స్టోరులోంచి లైఫ్ జాకెట్లు లెక్కపెడుతున్న గొంతు వినబడింది.

ఆ వారం మాకు ఆడిట్ జరుగుతోంది. విజయవాడ నుంచి సత్యమూర్తి గారని ఆడిట్ అధికారి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ముక్కు చివర కళ్లజోడుతో ఉండేవారు. ఆయన చూడకుండా వదిలిన వస్తువు మా ఆఫీసులో లేదు. లంగరు గొలుసులో ఎన్ని వలయాలున్నాయో చూశారు. తాళం పోయిన బీరువా వెనక ఏముందో చూశారు. ఆయన గదిలోకి వస్తే మా వాళ్లు చొక్కా గుండీలు సరిచూసుకునేవాళ్లు. శీనయ్య ఆయన్ని ఎన్నడూ ఎరగడు. ఆయన జన్మలో పడవ ఎక్కలేదని మొదటి రోజే చెప్పారు.

వెళ్లి చేతులు కట్టుకుని విషయం చెప్పాను. పోలయ్య ఎందుకు కాదన్నాడో, ఏమన్నాడో కూడా దాచకుండా చెప్పాను. ఆయన జాకెట్ల లెక్క మధ్యలో ఆపారు, అది చూసి స్టోరు కీపరు ఊపిరి పీల్చుకున్నాడు. నిబంధన చూపించమన్నారు. చదివారు. మళ్లీ చదివారు. తనిఖీకి వచ్చిన అధికారి తనిఖీ చేస్తున్న కార్యాలయం పనిలో పాలు పంచుకోవచ్చా అని తనను తాను పైకే ప్రశ్నించుకున్నారు. ఇది కూడా తనిఖీయే కదా, పైగా ప్రత్యక్ష తనిఖీ అని తానే జవాబు చెప్పుకున్నారు.

"ఏం చూడాలో ఒకసారి వివరించండి డాక్టర్ గారూ. వివరించినట్టు నేను చెప్పాల్సి ఉంటుంది," అన్నారు.

ముప్పై ఏళ్లు పైబడిన నా సర్వీసులో ఎందరికో ఎన్నో వివరించాను. ఆ వివరణ ఇచ్చినప్పుడు మాత్రం కిటికీ వైపు చూస్తూ ఇచ్చాను.

గడువు దగ్గరపడుతోంది. బయట వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఊళ్లో ఏదో పని ఉందట. మస్తానమ్మ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, క్యారియరు తెరిచి, రొయ్యల వేపుడుతో అన్నం పెట్టేసింది. వద్దనడానికి ఆయన నోరు ఖాళీగా లేదు. శీనయ్యను లేపి, కొత్త సాక్షి ఈయన అని సత్యమూర్తి గారిని చూపించాను. శీనయ్య ఆయన్ని కిందినుంచి పైకి చూశాడు.

"ఈ సారు ఎవురమ్మా?"

ఆడిటర్ అన్నాను. మన పడవల మనిషి కాదా అన్నాడు. కాదన్నాను. నన్ను ఎరగడు గదా అన్నాడు. ఎరగడన్నాను. శీనయ్య మొహం విచ్చుకుంది.

"అట్టయితే బస్టాండు మాదిరే గదమ్మా!"

ఇద్దరూ లోపలికి వెళ్లారు. పోలయ్య తలుపుకు ఇటువైపు, దానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు. నేను గడియారం చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాను. మస్తానమ్మ డ్రైవరుకు మజ్జిగ పోస్తూ పోస్తూ గరిటె ఆపింది, ఎందుకంటే లోపలి నుంచి శబ్దం మొదలైంది. మొదలై ఆగలేదు. ఉదయం నుంచి పట్టి ఉంచిన మూడు గంటల పరువు మర్యాదలన్నీ ఒకేసారి కట్ట తెంచుకున్నాయి. డ్రైవరు ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే విన్నాడు. మస్తానమ్మ పైటకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో మొదట తెలియలేదు. నవ్వుతోంది.

తలుపు తెరుచుకుంది. సత్యమూర్తి గారు ముందు వచ్చారు. కళ్లారా చూశారా అని అడిగాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఆడిట్ అభ్యంతరం ఏమీ లేదు."

పోలయ్య అంతసేపూ తలుపుకేసి తిరగలేదు. శీనయ్య బయటికొచ్చి భుజం తట్టాకనే తిరిగాడు. సీళ్లు వేశాను. శీనయ్య వాటి మీద పొడి అక్షరాలు రాశాడు. అక్షరాలు వంకర పోతున్నాయని మస్తానమ్మ కిటికీలోంచి కోప్పడింది. పెట్టె వ్యానెక్కింది. ఆ వ్యాను గట్టు మలుపు తిరిగేదాకా ఏసీ గారు మెట్ల మీద నిలబడి చూశారు. నాకైతే ఆ క్షణాన సీసాలు దేవుడే మోసుకెళుతున్నాడనిపించింది. తర్వాత తెలిసింది, ఆ డ్రైవరు ఇంకోసారి వేపుడు ఎప్పుడని అడిగి మరీ వెళ్లాడట.

ఫలితం వచ్చింది. ఏ జాడా లేదు. శీనయ్య చేరాడు. కొత్తవాడిగానే చేరాడు కాబట్టి ఒకప్పుడు తన దగ్గర ఇంజన్ బిగించే పానాలు అందించిన కుర్రాడికి ఇప్పుడు తాను జూనియరు. మొదటి రోజు ఆ కుర్రాడే సిగ్గుపడి అన్నా అంటూ లేచి నిలబడితే, శీనయ్య వాణ్ణి కూర్చోబెట్టి సార్ అని పిలిచి పడవంతా నవ్వించాడు. ఆ వారమే నేను పై ఆఫీసుకు రాశాను, ఒకే పడవలో పనిచేసిన మనిషిని సాక్షిగా వేయకూడదని. చాలాకాలానికి అవునన్నారు. అంతకు ముందే ఆడిట్ నివేదిక వచ్చింది. అందులో మా పరీక్షల మరుగుదొడ్డి గురించి ఒక పేరా ఉంది. తలుపుకు లోపలి గడియ లేదు, వివరణ ఇవ్వండి అని. ఆ ఒక్క పనికే ఆయన లోపలికి వెళ్లింది, అయినా గడియ కూడా చూశారు.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. చూడటం కూడా ఒక ఉద్యోగమే. మర్యాద తెలిసినవాడికి కొన్నిచోట్ల అది చేతకాదు, అలాంటి చోట ఆయన్ని వేయడం మన తెలివితక్కువ. రెండోది నా సంతకానికి సంబంధించింది. చూడలేదని చెప్పగలిగిన మనిషి చూశానంటే మళ్లీ చూడనక్కర్లేదు. ఆ రోజు తర్వాత ప్రథమ చికిత్స పెట్టెలు నిండుగా ఉన్నాయని పోలయ్య చెబితే నేను పెట్టె తెరవకుండానే సంతకం పెట్టేదాన్ని. నా రిటైర్మెంటు ఏడాది సత్యమూర్తి గారు మళ్లీ ఆడిట్‌కు వచ్చి దాన్ని పట్టుకున్నారు. వైద్యాధికారి స్వయంగా చూడకుండా ఏ ఆధారంతో సంతకం చేశారో తెలపండి అని అడిగారు.

సరంగు పోలయ్య చూశానన్నాడు అని జవాబు రాశాను. ఆయన చదివి, ఆ అభ్యంతరాన్ని కొట్టేశారు.